ఆదివారం బడి, మిగతా రోజులు ఇల్లు

కిందటేడు వేసవిలో మా ఆడపడుచు వాళ్ల వైపు నుంచి ఒక పెళ్లి శుభలేఖ వచ్చింది. మా అత్తయ్యకి చదువు రాదు, అందుకని నాలుగో తరగతికి వచ్చిన మా పాప చేతికిచ్చి చదవమంది. పాపకి సెలవుల్లో నేను తెలుగు అక్షరాలు దిద్దించాను, అంతే, అంతకు మించి ఏమీ చేయలేదు. "బంధుమిత్రులు" అన్నచోట ఆగి ఆగి "బఠధు" అంది. ముహూర్తం చివర కూడా ఠ పెట్టింది. ముందు నాకు అర్థం కాలేదు, తర్వాత తట్టింది: ఒడియాలో ఠ అక్షరం అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, రోజూ బడిలో చూసేది అదే కదా. "కమల" అన్న పేరుని "కొమొలొ" అని చదివింది. అత్తయ్య పాపని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి "ఏటమ్మా, ఇంట్లో వాగుడంతా తెలుగే కదా, చదవడం రాదేటి దీనికి?" అంది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నేను పుట్టి పెరిగి తెలుగు మీడియంలో చదివింది అటు, కాపురం ఇటు. పిల్లలు వెళ్లేది ఇంగ్లీషు మీడియం, రెండో భాష ఒడియా. అందులో తప్పేమీ లేదు, ఒడిశాలో ఉంటూ ఒడియా రాకపోతే ఎలా? కానీ తెలుగు ఇంట్లో మాట్లాడుతున్నాం కాబట్టి అదే వస్తుందిలే అని పదేళ్లు అనుకున్నాను చూడండి, అది మాత్రం నా తప్పే. మాట వస్తుంది. చదవడం, రాయడం, పద్యం, అవి వాటంతటవి రావు, ఎవరో కూర్చోబెట్టి చెప్పాలి, ఇక్కడ ఆ ఎవరో మనమే.

ఆ రాత్రి మా చెల్లితో ఫోన్లో చెప్పుకుని బాధపడ్డాను. అది అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. దాని పిల్లలు వెళ్లే బడి సంగతి అప్పుడే మొదటిసారి శ్రద్ధగా విన్నాను. మంగళ, గురువారాలు మాత్రమే బడికి వెళ్తారు, మిగతా మూడు రోజులూ ఇంట్లో అమ్మో నాన్నో పాఠం చెప్తారు. ఇలాంటి బడుల్లో యూనివర్సిటీ మోడల్ అనే రకం 1993లో అక్కడికి దగ్గర్లోనే ఆర్లింగ్టన్‌లో ఒక బడితో మొదలైందట. కాలేజీ వాళ్లలా కొన్ని రోజులే క్లాసులు ఉంటాయి కాబట్టి ఆ పేరు. పెద్ద క్లాసులకి వచ్చేసరికి బడి రోజులు మూడుకి పెరగడం మామూలు. వాటిలో చాలావరకు క్రైస్తవ బడులే, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, నేను అటు వెళ్లడం లేదు. నాకు పట్టుకున్నది రెండు సంగతులు.

మొదటిది, ఆ బడి చదువుకి వాళ్లు వాడే క్లాసికల్ అనే మాట. పాతకాలపు యూరప్ చదువులో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అని మూడు మెట్లు ఉండేవి, లాటిన్‌లో ట్రివియం అంటారు. 1947లో డొరోతీ సేయర్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ ఈ మూడింటినీ పిల్లల వయసులతో జత చేసింది: చిన్నప్పుడు చిలకలా వల్లె వేయడం వాళ్లకి ఇష్టం, పదీ పన్నెండేళ్లు వచ్చేసరికి ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేయడం ఇష్టం, ఆ తర్వాత సొంతంగా చెప్పడం ఇష్టం, ఏ వయసుకి ఏది ఇష్టమో దానితోనే చదువు చెప్పండి అని. ఇప్పటి క్లాసికల్ బడులు చాలావరకు ఈ మాట పట్టుకునే నడుస్తున్నాయి. చెల్లి ఇది చెప్తుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. అర్థం తర్వాత, ముందు నోటికి రానీ అనేవారు. మన వీధిబడుల్లో ఎక్కాలు, పద్యాలు, అమరం అనే పాత సంస్కృత నిఘంటువు అలాగే కదా నేర్పింది. మా తరానికి వచ్చేసరికి బట్టీ అంటేనే చెడ్డమాట అయిపోయింది, నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవడం లేదు. వల్లె వేయించి అక్కడే వదిలేస్తే తప్పు, రెండో మెట్టు ఎక్కించగలిగితే తప్పేముంది?

రెండో సంగతి, ఇదే అసలుది. ఇంట్లో చెప్పే రోజుల్లో ఏం చెప్పాలో తల్లి నిర్ణయించదు. బడిలో టీచర్ వారానికి సరిపడా కాగితం పంపుతుంది, ఏ రోజు ఏ పేజీ, ఎంత రాయాలి, ఏది అప్పజెప్పాలి, అన్నీ అందులో ఉంటాయి. తల్లి చేయించి, చూసి, సంతకం పెడుతుంది. నేను ఇది సరిగ్గా వినిపించుకోలేదు. ఇంట్లో చెప్పడమే కదా అని మర్నాడే మొదలుపెట్టేశాను.

మూడు నెలలు. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సాయంత్రం వంట మధ్యలో గుణింతాలు రాయించడం, తప్పు రాస్తే అరవడం, ఒకరోజు ఒత్తులు, ఇంకోరోజు ఏదో కథ, మర్నాడు చుట్టాలొస్తే ఏమీ లేదు. పాప పుస్తకం చూస్తేనే ఏడుపు మొదలుపెట్టేది. అమ్మని నేనే, టీచర్నీ నేనే, తప్పుపట్టేదీ నేనే, ఇంక ఆ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటుంది? ఆఖరికి ఆయనే అన్నారు, ఇలా అయితే తెలుగంటేనే విసుగు పుడుతుంది, ఆపేయ్ అని.

ఆపలేదు కానీ మార్చాను. మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. వెళ్లి అడిగితే, రోజూ అయితే నా వల్ల కాదమ్మా, ఆదివారం పొద్దున్న రెండు గంటలు చెప్తాను, మిగతాది మీరు చేయించాలి అన్నారు. నాకు కావలసింది కూడా అదే. అమెరికా పద్ధతి ఇక్కడ అలాగే కుదరదు, మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు బడిలో ఉండాలి, వారానికి రెండు రోజులే పంపుతాం అంటే ఏ బడీ ఒప్పుకోదు. అందుకని తిరగేశాం. బడి చదువు బడి చదువే, తెలుగుకి మాత్రం ఆదివారం మాస్టారి వరండా, సోమవారం నుంచి గురువారం దాకా ఎవరింట్లో వాళ్లు ముప్పావుగంట. ఇప్పుడు ఏడుగురు పిల్లలు, అయిదు ఇళ్లు.

ఆదివారం పాఠం అయి లేచేటప్పుడు మాస్టారు ఒక అరఠావు మీద చేత్తో రాసి ఇస్తారు, మేం ఫోటో తీసి పంచుకుంటాం. ఒక పద్యం, దానికి ప్రతిపదార్థం, రెండు గీతల పుస్తకంలో పది లైన్ల కాపీ, ఒక చిన్న కథ చదివి పుస్తకం మూసి తిరిగి చెప్పడం. అంతే. కానీ ఆ కాగితం వచ్చాక ఇంట్లో గొడవ పోయింది. "ఇంకో లైను రాయి" అంటున్నది నేను కాదు, మాస్టారు. పాపా నేనూ ఒకే వైపు కూర్చున్నట్టు అయింది. నేను చేయించకుండా టిక్కు పెడితే ఆదివారం రెండు నిమిషాల్లో ఆయనకి తెలిసిపోతుంది, అలా ఒకసారి జరిగింది కూడా, నన్నేమీ అనలేదు, ఆ వారం కాగితమే మళ్లీ ఇచ్చారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ముక్క చెప్తాను. ఒడియా లిపిలో ఎ, ఏ అని వేరు వేరు అక్షరాలు లేవు, ఒ, ఓ కూడా అంతే. దానితో మా వైపు పిల్లలు తెలుగు రాస్తే దీర్ఘాలు ఎగిరిపోతాయి. ఏనుగు "ఎనుగు" అవుతుంది, కోతి "కొతి" అవుతుంది. నేను ఎర్ర ఇంకుతో వందసార్లు దిద్దాను, పోలేదు. మాస్టారు దిద్దలేదు. పెద్ద పిల్లలకి ఛందస్సు మొదలుపెట్టారు. పొట్టిగా పలికే అక్షరం లఘువు, దానికి నిలువు గీత; దీర్ఘమైనా, పక్కన ఒత్తక్షరం ఉన్నా గురువు, దానికి గిన్నెలాంటి గుర్తు. అవి కొన్ని కలిస్తే ఒక గణం. బోర్డు మీద ఏనుగు అని రాసి గుర్తులు పెట్టమన్నారు: గురువు, లఘువు, లఘువు, భగణం. పక్కనే ఎనుగు అని రాశారు: మూడూ లఘువులే, నగణం. "గణమే మారిపోయింది, ఇది ఇంకో మాట అయిపోయింది చూడండి" అన్నారు. తర్వాత వేమన మకుటం ఇచ్చారు. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. వేమన పద్యాల ఛందస్సు ఆటవెలది, అందులో రెండో పాదం, నాలుగో పాదంలో అయిదేసి సూర్యగణాలు ఉండాలి, అంటే ప్రతి ముక్కా గురువు పక్కన లఘువు అయినా కావాలి, మూడు లఘువులైనా కావాలి. పాప వేలితో కొడుతూ లెక్కపెట్టింది, అయిదూ సరిపోయాయి, నాలుగో గణం మొదటి అక్షరం "వి" మళ్లీ మొదటి "వి"తో కలిసింది, అదే యతి. "వేమ అనకుండా వెమ అంటే?" అని అదే అడిగింది. రెండే లఘువులు, గణం రాదు. ఆ వారం నుంచి కోతికి దీర్ఘం పెడుతోంది, నేను చెప్పకుండానే. నేను వందసార్లు దిద్దినా వినబడని దీర్ఘం లెక్కపెట్టడం మొదలుపెట్టగానే వినబడింది. ప్రశ్నలు వేసే వయసుకి తర్కం ఇవ్వాలంటే మనకి ఛందస్సు ఎంత బాగా సరిపోతుందో అప్పుడు తెలిసింది నాకు.

అందరికీ కుదురుతుందా అంటే, కుదరదు, నిజం చెప్పాలి. ఈ పద్ధతిలో ఇంట్లో ఒక మనిషి టైము పోతుంది, ఎక్కువగా అది తల్లి టైమే, అక్కడా ఇక్కడా అదే కథ. మా గుంపులో ఒక ఇంట్లో ఇద్దరూ కొట్టు చూసుకుంటారు, రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి రారు. వాళ్ల బాబు సాయంత్రాలు మా ఇంటికే వస్తాడు. అప్పజెప్పించేది మా అత్తయ్య. చదువు రాదన్నాను కదా, కానీ శతక పద్యాలు ఎన్నో నోటికి వచ్చు, ఒక్క అక్షరం జారినా కళ్లు మూసుకుని వింటూనే "ఊఁ, మళ్లీ" అంటుంది. శుభలేఖ చదవమని అడిగిన మనిషే ఇప్పుడు మా ఇంటి పరీక్షాధికారి.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే, రాజావారి బడిలో. ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి ఎంత కష్టపడ్డారో ఇక్కడ పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మేం ఇక్కడే ఉన్నవాళ్లం. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం ఫోటోలు ఫోన్లో వచ్చిపడుతుంటాయి, ఈసారి ఆ రోజు మా పిల్లలు వరండాలో పద్యాలు చదివారు, ఏడుగురూ, కాగితం చూడకుండా.

పోయిన వారం పాప స్నేహితురాలు, కింద వాటాలో ఉండే ఒడియా అమ్మాయి, మా ఇంట్లో గుర్తులు పెట్టడం చూసి తన పుస్తకంలోని ఒడియా పద్యం తెచ్చి దీనికి పెట్టండి అంది. పాప మొదలుపెట్టింది కానీ గణాలు కుదరలేదు. ఆదివారం మాస్టారిని అడిగితే, ఒడియా పద్యానికి దాని ఛందస్సు దానికి ఉంది, అక్షరాలు లెక్కపెట్టి చూడండి, ఆ అమ్మాయినీ తీసుకురండి అన్నారు. ఈ వారం కాగితంలో కింద ఒక లైను అదనంగా రాశారు, ఒడియాలో. అది నేను చదవలేకపోయాను, పాపే చదివి చెప్పింది.