కార్కసోన్‌కి 12 చెరువులు: ఇంట్లో చేసుకున్న చిన్న ఎక్స్‌పాన్షన్, ఇప్పటిదాకా వచ్చిన రూల్స్

కార్కసోన్ అనే బల్ల మీద ఆడే ఆటకి నేనే ఒక ఎక్స్‌పాన్షన్, అంటే అసలు ఆటకి కలిపే అదనపు టైళ్ళు, చేసుకుంటున్నా. రెండు నెలలుగా దీని మీదే ఉన్నాను. ఇప్పటికి తొమ్మిది ఆటలు ఆడి చూశాం, రూల్స్ మూడుసార్లు మార్చాను, టైళ్ళు రెండుసార్లు కోశాను. ఎవరైనా ఇంట్లో చేసుకుందామనుకుంటే పనికొస్తుందని ఎక్కడ తప్పు జరిగిందో దానితో సహా రాస్తున్నా.

కార్కసోన్ తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. క్లౌస్-యుర్గెన్ వ్రెడె తయారుచేసిన ఆట, 2000లో వచ్చింది, మరుసటి ఏడు జర్మనీలో 'ష్పీల్ దెస్ యారెస్' (ఆ ఏటి మేటి ఆట) బహుమతి గెలిచింది. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న కోట ఊరి పేరే దానికి పెట్టారు. 72 చదరపు టైళ్ళు, మన వంతు రాగానే ఒకటి తీసి బల్ల మీద ఉన్నవాటికి అంచు కలిసేలా పెట్టాలి: రోడ్డుకి రోడ్డు, పొలానికి పొలం, కోటకి కోట. ఆ టైల్ మీద కావాలంటే మన మనిషిని, అంటే మీపుల్‌ని, నిలబెట్టవచ్చు. రోడ్డు పూర్తయితే టైల్‌కి 1, కోట పూర్తయితే టైల్‌కి 2, మఠం చుట్టూ నిండితే 9.

ఎన్నేళ్ళు ఆడినా నాకు ఒక్కటే వెలితిగా అనిపించేది. ఈ ఆటలో ఎగువ, దిగువ అనేవి లేవు. రోడ్డు ఏ కొసన మొదలుపెట్టినా ఒకటే, కోట ఎటునుంచి కట్టినా ఒకటే. మా అమ్మమ్మ వాళ్ళది వరంగల్ వైపు పల్లె. అక్కడ మనిషి కూడా చెరువుని బట్టే దిక్కు చెప్తాడు, మత్తడి (నిండిన నీళ్ళు పొంగి బయటికి పోయే చోటు) కింద, కట్ట మీద, శిఖంలో (చెరువు లోపలి నేలలో) అని. రామప్ప, పాకాల, లక్నవరం అందరికీ తెలిసిన పెద్ద చెరువులు, కానీ నాకు అంతకంటే ఇష్టం కాకతీయుల కాలం నుంచి ఉన్న ఆ చిన్న చిన్న గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదాంట్లోకి. ఆ పద్ధతే ఒక ఆట రూల్ లాగా ఉంటుంది, దాన్ని టైళ్ళ మీదకి తేవాలనేదే నా ప్రయత్నం.

మొదటిసారి చేసింది పూర్తిగా తప్పు. టైల్ అంచుల దాకా కాలువలు గీశాను, కాలువకి కాలువే కలవాలని రూల్ పెట్టాను. గీస్తున్నప్పుడు చాలా అందంగా ఉంది. బల్ల మీద మాత్రం ఆ 12 టైళ్ళకి అవి తప్ప జోడీ లేవు, మిగతా 72లో కాలువ అంచే లేదు కదా. ఎక్కడా పట్టని టైల్ వస్తే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీయమని అసలు ఆట రూలే చెప్తుంది, ఒక ఆటలో అలా ఐదు చెరువులు పక్కకి పోయాయి. మూడు ఆటల తర్వాత మానేశాను. అంచుల జోలికి పోకూడదు. కొత్త బొమ్మ ఏదైనా టైల్ లోపలే ఉండాలి, అంచున మాత్రం పాత మూడే: రోడ్డు, పొలం, కోట.

అందుకే రెండోసారి చెరువుని మధ్యలో గీసి, ఒక అంచు వైపు బాణం పెట్టాను. ఆ బాణమే మత్తడి. బాణం ఉన్న అంచు ఎప్పుడూ పొలమే. నీళ్ళు బాణం వైపు నేరుగా పోతాయి, దారిలో ఇంకో చెరువు తగిలితే గొలుసు కలిసినట్టు. అప్పుడు దూరానికి హద్దు పెట్టలేదు, చెరువుకి 4 పాయింట్లు ఇచ్చాను. మా కోడలు, అంటే అక్క కూతురు, ఏడు చెరువులు కలిపి ఒక్క దెబ్బకి 28 తీసింది, ఆట అక్కడితో అయిపోయింది. అదీకాక, నీళ్ళకి కోట అడ్డం వస్తే ఆగిపోతాయని కూడా రాశాను. టైల్‌లో ఒక మూలన కోట గోడ ఉంటే అది అడ్డా కాదా అని బావ పట్టుకున్నాడు. "బామ్మర్ది, గోడ పక్కనుంచి నీళ్ళు పోవా ఏంది?" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. బల్ల వైపు చూడగానే తెలిసిపోయేది కాకపోతే ఆ రూల్ ఉంచకూడదని అప్పుడే అనుకున్నా, కోట అడ్డు తీసేశాను.

ఇప్పుడు నడుస్తున్నది మూడో రూపం. ఇలా ఉంది.

12 చెరువు టైళ్ళని 72తో కలిపేయాలి, మొత్తం 84. వీటిలో నాలుగింటికి నాలుగు వైపులా పొలమే, నాలుగింటికి కట్ట మీద నేరుగా పోయే రోడ్డు, రెండింటికి మలుపు రోడ్డు, రెండింటికి ఒక పక్క కోట. చెరువు టైల్ పెట్టినప్పుడు మీపుల్‌ని రోడ్డు మీదో కోటలోనో పొలంలోనో మామూలుగా పెట్టుకోవచ్చు, లేదా చెరువు మీద నిలబెట్టవచ్చు. చెరువు మీద నిలబడ్డవాడు నీరటి. మా ఊళ్ళో తూము తీసి పొలాలకు నీళ్ళు వదిలే మనిషిని అలాగే పిలిచేవాళ్ళు.

బాణం ముందు వరుసగా ఉన్న మూడు గళ్ళే లెక్క. ఆ మూడూ నిండితే చెరువు పూర్తయినట్టు. మూడు లోపలే ఇంకో చెరువు ఉండి, మధ్యలో ఖాళీ గడి లేకపోతే గొలుసు కలిసినట్టు, పై చెరువు అప్పుడే పూర్తి. పూర్తయిన చెరువు మీద నీరటి ఉంటే, ఆ చెరువుకి 3, దానిలోకి నీళ్ళు వస్తున్న ఎగువ చెరువులకి ఒక్కోదానికి 3, ఎగువకి ఎగువది కూడా కలిపి. ఎవరి చెరువైనా సరే, మనిషి ఉన్నా లేకున్నా లెక్కలోకి వస్తుంది. పాయింట్లు తీసుకుని మీపుల్‌ని వెనక్కి తెచ్చుకోవాలి. ఒకసారి పాయింట్లు తీసుకున్న చెరువుకి మళ్ళీ ఏమీ రావు. ఆట అయిపోయేసరికి పూర్తి కాని చెరువుకి 3 బదులు గొలుసులో చెరువుకి 1 చొప్పున.

ఒక ఉదాహరణ చెప్తే తేలిక. నా చెరువు బాణం తూర్పుకి, అటు అంతా ఖాళీ. నా చెరువుకి ఉత్తరాన రెండో గడిలో బావ ఒక చెరువు పెట్టి బాణం నా వైపు తిప్పాడు, మధ్య గడి నిండే ఉంది. ఆయనకు వెంటనే 3, మీపుల్ చేతికొచ్చింది. నాది ఇప్పుడు 6 విలువ చేస్తుంది. కోడలు ఇంకా పైన ఇంకోటి పెట్టి బావ చెరువులోకి కలిపింది, ఆమెకు 3, బావకి ఏమీ రావు, ఆయనది ముందే అయిపోయింది. నాది 9 అయింది. తూర్పున మూడు గళ్ళు నిండగానే ఆ 9 నాకు.

ఇదంతా ఆడుతుంటే నాకు బాగా నచ్చింది బాణం తిప్పే క్షణం. చెరువు టైల్ చేతికి రాగానే రెండు దారులు ఉంటాయి. ఇప్పటికే నిండిన వైపు తిప్పితే అప్పటికప్పుడే 3 పాయింట్లు, మనిషి వెనక్కి. ఖాళీ వైపు తిప్పితే మనిషి ఇరుక్కుపోతాడు, కానీ ఎగువ నుంచి ఎవరో ఒకరు నీళ్ళు పంపిస్తారని ఆశ ఉంటుంది. దానికి తోడు ఎదుటివాళ్ళు మన దిగువ మూడు గళ్ళనీ కావాలని తొందరగా నింపేసి చెరువుని 3 దగ్గరే ముగించగలరు. కోడలు ఇప్పుడు అదే పనిగా చేస్తోంది, నా చెరువు కనపడితే చాలు, "మామా, ఈ బాణం ఎటు పోతోంది?" అని అడిగి సరిగ్గా అక్కడే టైల్ పెడుతుంది.

రెండు చిక్కులు వచ్చాయి. ఎదురెదురుగా ఉన్న రెండు బాణాల మధ్య గడి నిండితే ఏది ఎగువ? రెండూ పూర్తి, కానీ ఒకదాన్నొకటి లెక్కపెట్టుకోవు, ఎవరి 3 వాళ్ళకి, వేరే చెరువుల నీళ్ళు వస్తుంటే అవి అదనం. రెండోది నది. 12 టైళ్ళ నది ఎక్స్‌పాన్షన్ కలిపి ఆడితే దాని చివర ఉండే సరస్సు టైల్ చెరువు కిందికి వస్తుందా అని అక్క అడిగింది. నీళ్ళు దానిలోకి పోవచ్చు, దాని మీద నీరటి ఉండకూడదు, ఇప్పటికి అలా పెట్టాను.

తయారీ విషయం. అసలు టైల్ పక్క 4.5 సెంటీమీటర్లు. ఏ4 కాగితం మీద నాలుగు వరుసలు ఆరు చొప్పున 24 పడతాయి, అంటే 12 ముందు బొమ్మలు, 12 వెనక బొమ్మలు ఒక్క షీటుతో అయిపోతాయి. మొదటిసారి మామూలు కాగితం మీద ప్రింట్ తీసి తెల్ల జిగురుతో అట్టకి అంటించాను, తడికి అట్ట ఉబ్బి, ఆరాక అప్పడంలా వంగిపోయింది. రెండోసారి స్టికర్ షీటు మీద ప్రింట్ తీయించి 2 మిల్లీమీటర్ల బైండింగ్ అట్టకి రెండు వైపులా అంటించి, ఒక రాత్రంతా బరువు కింద పెట్టి, ఆ తర్వాతే కోశాను. స్టీల్ స్కేలు, కొత్త బ్లేడు, ఒకే గీత మీద ఐదారుసార్లు మెల్లగా. ఒక్కసారే గట్టిగా నొక్కితే అంచు పక్కకి పోతుంది. అంచులకి ఎమిరీ పేపరు తప్పనిసరి, లేకపోతే పదునుగా ఉండి సంచిలో చెయ్యి పెట్టగానే ఇది చెరువు అని తెలిసిపోతుంది. వెనక రంగు ఎంత ప్రయత్నించినా అసలుదానితో పూర్తిగా కలవలేదు కాబట్టి బోర్లించి పేర్చడం మానేసి సంచిలోంచే తీస్తున్నాం.

చివరి ఆటలో నలుగురం కూర్చున్నాం. చెరువుల నుంచి కోడలికి 18, నాకు 15, బావకి 9, అక్కకి 6. గెలిచింది మాత్రం అక్క, పొలాల్లో పడుకోబెట్టిన రైతులతో (పొలంలో ఉన్న మీపుల్‌నే రైతు అంటారు, వాటి పాయింట్లు ఆట చివర్లోనే). చెరువులే ఆటని మింగేయకుండా ఉన్నాయని అప్పుడు నమ్మకం వచ్చింది. ఆట పది నిమిషాలు పెరిగింది, అది పర్వాలేదు.

ఆయకట్టు రూల్ ఒకటి ఇంకా చేతిలో ఉంది. పూర్తయిన చెరువుని ఆనుకున్న పొలంలో రైతు ఉంటే చివర్లో చెరువుకి 1 అదనం. నాకు చాలా ఇష్టమైన రూల్, చెరువంటే చివరికి పొలం కోసమే కదా. కానీ పొలాల లెక్కే ఈ ఆటలో అందరినీ తికమక పెట్టేది, దాని మీద ఇది కూడానా అని రెండు ఆటల తర్వాత పక్కన పెట్టాను. పొలాల లెక్క బాగా వచ్చినవాళ్ళతోనే ఇంకో నాలుగు ఆటలు ఆడి అప్పుడు తేలుస్తా. అనంతపురం మిత్రుడొకడు వచ్చే వారం వస్తున్నాడు, వాళ్ళ వైపు మత్తడిని మరువ అంటారు, రూల్స్ కాగితం మీద అది కూడా రాయమన్నాడు, రాశాను. ఈలోపు షీటు మళ్ళీ ప్రింట్ తీయించాలి: పచ్చ పొలం మీద నీలం బాణం ట్యూబ్‌లైట్ కింద సరిగా కనపడటం లేదు, ఈసారి తెల్ల బాణం, చుట్టూ సన్నటి నల్ల గీతతో.