ఎలక్ట్రిక్ బండికి కుడి మణికట్టే క్లచ్

పెట్రోలు బండిని ఇరుకు దారిలో నెమ్మదిగా నడిపించేది నిజానికి క్లచ్. ఎడమ చేతి రెండు వేళ్లతో లివరును సగం నొక్కి, ఇంజను చప్పుడు వింటూ, బండిని మనిషి నడకకన్నా నిదానంగా కదిలించవచ్చు. దాదాపు ఏ ఎలక్ట్రిక్ బండికీ క్లచ్ లేదు, గేర్లు లేవు. మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో లాగగలదు. అంత బలాన్ని అదుపు చేయాల్సిన భారం కుడి చేతి మీదే పడుతుంది. అందుకే ఎలక్ట్రిక్ మోటారు సైకిలులో హ్యాండిల్, థ్రాటిల్ (కుడి చేత్తో తిప్పే యాక్సిలరేటర్) రెండూ మనిషికి సరిపోకపోతే బ్యాటరీ ఎంత పెద్దదైనా సుఖం లేదని నా గట్టి అభిప్రాయం.

నా ఉద్యోగం రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించడం. నెల్లూరు జిల్లా కోవూరులో ఉంటాను. అల్లూరు, విడవలూరు మండలాల్లో తీరం వెంబడి ఉన్న గుంటలకు తెల్లవారకముందే చేరుకోవాలి, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ బాగా అడుగంటేది సూర్యోదయానికి కాస్త ముందే. ఊళ్ల వరకు తారు రోడ్డు, ఆ తరువాత గట్లు. గట్టుకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కాలువ, మధ్యలో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు వెళ్లే కరెంటు వైర్లు, అడుగడుగునా సర్కారు తుమ్మ కొమ్మలు. వెనక పెట్టెలో నీటి సీసాలు, ఆక్సిజన్ మీటరు ఉంటాయి. ఇలాంటి చోట బండి ఒక్కసారి ఎగిరి ముందుకు దూకితే జరిగేదేమిటో వివరించనక్కర్లేదు.

కొన్న బండి మంచిదే. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. కానీ దాని హ్యాండిల్ పట్నం కుర్రవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టింది: కిందికి, ముందుకు, ఇరుకుగా. హైవే మీద అది పెద్దగా ఇబ్బంది పెట్టదు. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఛాతీని కొంత మోస్తుంది. గట్టు మీద పది, పదిహేను కిలోమీటర్ల వేగంలో ఆ గాలి ఉండదు. ఒంటి బరువంతా రెండు అరచేతుల మీదికి దిగుతుంది. బరువు దిగిన మణికట్టుతో థ్రాటిల్ తిప్పడమే అసలు చిక్కు. చక్రం గుంతలో పడితే భుజం కదులుతుంది, భుజంతో మోచెయ్యి, మోచేతితో మణికట్టు, దానితో థ్రాటిల్. మనం తిప్పకుండానే బండి ముందుకు దూకుతుంది. బెదిరి వదిలేస్తే మోటారే బ్రేకులా పనిచేసి బండిని వెనక్కి పట్టేస్తుంది. ఈ ఊగులాటను చాలామంది థ్రాటిల్ లోపం అనుకుంటారు. అందులో సగం హ్యాండిల్ వల్ల వచ్చేదే. కాబట్టి మొదట హ్యాండిల్ సంగతి చూసుకోమంటాను.

పెట్రోలు బండ్లకు దొరికే హ్యాండిళ్లే వీటికీ సరిపోతాయి. గ్రిప్పు ఎక్కే చోట వ్యాసం 22.2 మిల్లీమీటర్లు. మన బండ్లలో దాదాపు అంతటా ఇదే కొలత. మధ్యలో క్లాంపు పట్టే చోట కొన్నిటికి అదే కొలత, కొన్నిటికి 28.6. వెర్నియర్ కొలబద్దతో కొలిచిన తరువాతే దుకాణానికి వెళ్లాలి. నేను పాతదానికన్నా రెండంగుళాలు ఎత్తుగా, కొంచెం వెనక్కి వంగిన రకం తీసుకున్నాను. ఇంకా ఎత్తైనవీ ఉన్నాయి. కానీ ముందు బ్రేకు హోసు ఎంతవరకు అందుతుందో అదే నా హద్దు. హోసు మార్చాలంటే బ్రేకు ఆయిలు తీసి, గాలి బుడగ లేకుండా మళ్లీ నింపాలి. బ్రేకులు బాగా పనిచేస్తున్న బండికి ఆ పని పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వెడల్పు విషయంలోనూ అంతే. వెడల్పు హ్యాండిల్‌తో పట్టు బాగుంటుంది, కానీ సర్కారు తుమ్మ ముళ్లు వేళ్లను వదలవు. మధ్యరకం వెడల్పు ఎంచుకుని, రెండు కొసలకూ ముళ్లు తగలకుండా ప్లాస్టిక్ గార్డులు బిగించాను.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు పెద్దాయన ఉన్నారు. లైట్ల స్విచ్చులుండే డబ్బా లోపల కందిగింజంత గుబ్బ ఒకటి ఉంటుంది. హ్యాండిల్‌కు ఉన్న రంధ్రంలో అది కూర్చుంటేనే డబ్బా జారిపోకుండా నిలుస్తుంది. కొత్త హ్యాండిల్‌కు ఆ రంధ్రం లేదు. గుబ్బను కోసేస్తే పని త్వరగా అయిపోతుందని చాలామంది కోసేస్తారు. నేను అదే అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

“బాబూ, యాక్సిలరేటర్ పక్కనుండే డబ్బా అది. గట్టు మీద తిరిగిపోతే ఏం చేస్తావు? ముందు నువ్వు బండెక్కి కూర్చో. చేతులు ఎక్కడ హాయిగా ఉన్నాయో చూపించు. రంధ్రం అక్కడ వేస్తాను” అన్నారు.

కూర్చున్నాను. కళ్లు మూసుకుని చేతులు ముందుకు చాపమన్నారు. మోచేతులు కొద్దిగా వంగి, వేళ్లు వాటంతట అవే ఆగిన చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టారు. ఆ తరువాత బ్రేకు లివర్ల వంపు సరిచేశారు: ముంజేయి, మణికట్టు, లివరు మీది వేళ్లు ఒకే గీతలోకి రావాలి, మణికట్టు పైకీ కిందికీ విరగకూడదు. గుర్తు మీద సెంటర్ పంచ్‌తో చిన్న దెబ్బ కొట్టి, సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, ఆపైన గుబ్బకు సరిపోయే డ్రిల్లు వేశారు. అంచు మీద లేచిన గరుకును ఆకురాయితో రుద్ది తీసి, లోపల పడిన రజను కూడా దులిపించారు. వైర్లకు తగిలితే కోసేస్తుందని చెప్పారు. పనివాడి మీద గౌరవం కలిగేది ఇలాంటి చోటే.

బిగించాక హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడాలి. ఏ కొసనా హోసు గానీ వైరు గానీ బిగుసుకోకూడదు. పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ కేబులు లాగితే రేస్ పెరిగి చప్పుడుతోనే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ బండిలో అలాంటి హెచ్చరిక ఏమీ ఉండదు.

ఆ వైర్ల గురించి కాస్త చెప్పాలి. ఇప్పటి ఎలక్ట్రిక్ బండ్ల థ్రాటిళ్లలో ఎక్కువగా ఉండేది హాల్ సెన్సర్. కరెంటు పారుతున్న వాహకంలో అయస్కాంత క్షేత్రం వల్ల అడ్డంగా వోల్టేజి పుడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టారు. దాని మీద పనిచేసే చిన్న ముక్క ఇది. గ్రిప్పుతో పాటు అయస్కాంతం తిరుగుతుంది, సెన్సర్ కదలదు. ఒకదానికొకటి రాసుకునే భాగం లేదు కాబట్టి అరుగుదల లేదు. ఉప్పుగాలిలో తిరిగే బండికి ఇది పెద్ద వరం. వైర్లు మూడు: ఒకటి 5 వోల్టుల సరఫరా, ఒకటి గ్రౌండు, ఒకటి సంకేతం. గ్రిప్పు వదిలేసినప్పుడు సంకేతం వైరులో సుమారు 0.8 వోల్టులు, పూర్తిగా తిప్పితే మూడున్నర నుంచి నాలుగు పైచిలుకు. ఆ సంఖ్యను చూసే కంట్రోలరు మోటారుకు ఎంత కరెంటు పంపాలో తేల్చుకుంటుంది.

నా పాత థ్రాటిల్‌కు మల్టీమీటరు పెట్టి చూస్తే సంగతి బయటపడింది. గ్రిప్పు కొద్దిగా కదిలేసరికే వోల్టేజి గబగబా ఎక్కుతోంది. సగం తిప్పేసరికి దాదాపు పైకొసకు చేరుతోంది, మిగతా సగంలో పనేమీ లేదు. ఎకో మోడ్ పెడితే పై వేగం తగ్గుతుందే తప్ప మొదటి కుదుపు తగ్గదు. కంట్రోలరులోనే ఈ వాలును మార్చుకునే వీలు విడిగా అమ్మే కొన్ని కంట్రోలర్లకు ఉంది, ఫోనులోంచే సరిచేయవచ్చు. నా బండి కంట్రోలరు సెట్టింగులకు తాళం వేసి ఉంది. దాన్ని పగలగొట్టే ఆలోచన నాకు లేదు, ఎవరికీ సలహా ఇవ్వను కూడా. అందుకని అదే వోల్టేజి ఇస్తూ, ఎక్కువ దూరం తిరిగే థ్రాటిల్ వెతికి తెచ్చుకున్నాను. సున్నా వద్ద, కొస వద్ద పాతదానితో సమానంగా ఉండాలి. మధ్యలో నిదానంగా ఎక్కాలి. సున్నా దగ్గరి వోల్టేజి ఎక్కువగా ఉన్న థ్రాటిల్ పెడితే, గ్రిప్పు తిప్పి ఉందనుకుని బండి స్టార్టు కాకుండా ఆపేసే కంట్రోలర్లు చాలా ఉన్నాయి. అది లోపం కాదు, మన ప్రాణాలకు కాపలా.

ఈ పని చేసేవారు గ్రౌండు వైరును మాత్రం తేలికగా తీసుకోవద్దు. సరఫరా తెగితే సంకేతం పడిపోతుంది, బండి ఆగుతుంది. గ్రౌండు తెగితే మాత్రం సంకేతం 5 వోల్టుల వైపు పాకవచ్చు. అంటే పూర్తిగా తిప్పినట్టే. మంచి కంట్రోలరు హద్దు దాటిన వోల్టేజిని లోపమని గుర్తించి మోటారును ఆపేస్తుంది. నాసిరకం దాన్ని నమ్మలేం. మన తీరంలో రాగి వైరు కొస బయటపడితే త్వరలోనే పచ్చగా చిలుము పడుతుంది. కాబట్టి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. నీరు చొరబడని మూడు పిన్నుల కనెక్టరు వాడి, పిన్నులకు సిలికాన్ గ్రీజు రాసి, కొసలకు వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు తొడిగించాను. కనెక్టరు నోరు కిందికి చూసేలా కట్టించాను, వాన నీళ్లు నిలవవు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ స్విచ్ ఆపాలి. ముగిశాక వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద నిలబెట్టి, అప్పుడే కరెంటు ఇవ్వాలి. గ్రిప్పు మెల్లగా తిప్పి ఒక్కసారి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి మళ్లీ అదే చూడాలి. గ్రిప్పు కొసకు, హ్యాండిల్ చివర బిగించే బరువుకు మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి, లేకపోతే బురదో ఇసుకో చేరి గ్రిప్పు పట్టేస్తుంది. బ్రేకు పట్టగానే మోటారు ఆగుతోందా అన్నదీ ఇక్కడే తేల్చుకోవాలి.

ఆ బ్రేకు సంగతి కొత్తగా ఎలక్ట్రిక్ బండికి మారినవారికి ముఖ్యం. పెట్రోలు బండిని నిదానంగా నడిపేటప్పుడు వెనక బ్రేకు కొద్దిగా తొక్కి, రేస్ ఇచ్చి సర్దుకునే అలవాటు మనకుంది. నా బండిలో బ్రేకు లివరు కదలగానే కరెంటు తెగిపోతుంది, వదలగానే మళ్లీ వస్తుంది. గట్టు మీద ఆ పాత అలవాటు ప్రమాదం. ఇప్పుడు కుడి అరచేతి అంచును గార్డు మొదలుకు ఆనించి, బొటనవేలు, చూపుడువేలుతోనే గ్రిప్పు తిప్పుతున్నాను. చెయ్యి ఆనుకునే చోటు దొరికాక గుంతల కుదుపు థ్రాటిల్ వరకు చేరడం లేదు.

హ్యాండిల్ ఎత్తు పెరిగాక కావలి వైపు హైవే మీద గాలి నేరుగా ఛాతీకి తగులుతోంది. అరవై దాటితే చార్జింగు ముందుకన్నా త్వరగా కరుగుతోంది. నాకు అది సమ్మతమే, నా పని గట్ల మీద. రోజూ హైవే మీద దూరం పోయేవారు మాత్రం ఇంత ఎత్తు పెట్టుకోవద్దు, ఒక అంగుళం చాలు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. నేను మోటారు, బ్యాటరీ, చాసిస్ జోలికి వెళ్లలేదు. పాత హ్యాండిల్, పాత థ్రాటిల్ నూనె గుడ్డలో చుట్టి దాచాను, అవసరమైతే ఒక పూటలో తిరిగి బిగించవచ్చు. వారంటీ ఉన్న బండికి థ్రాటిల్ మార్చే ముందు సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా అడగండి. నా బండికి వారంటీ ముగిశాకే ఈ పనికి పూనుకున్నాను.

ఇక మిగిలింది గ్రిప్పులు. ఇప్పుడున్న రబ్బరు మన ఎండలకు మెత్తబడి చేతికి అంటుకుంటోంది. కొంచెం లావుగా, చారలున్నవి చూస్తున్నాను. లావు గ్రిప్పును పట్టుకోవడానికి వేళ్లు అంతగా బిగించక్కర్లేదు. థ్రాటిల్ వైపు గ్రిప్పు లోపలి కొలత ఎడమ వైపు దానికన్నా ఎక్కువ ఉంటుంది, కొనేటప్పుడు జతను విప్పి రెండూ కొలిచి తీసుకోండి.