పాలలాంటి మందు

నా మొదటి కీమో పది నిమిషాలు కూడా సాగలేదు. మందు దిగడం మొదలవగానే మొహం భగ్గుమంది, వీపు పట్టేసింది, ఊపిరి అందలేదు. సిస్టర్ పరుగున వచ్చి డ్రిప్ ఆపేసింది. ఊపిరితిత్తుల్లో స్క్వామస్ క్యాన్సర్, నాలుగో దశ అని విన్న రోజు కూడా నేనంత భయపడలేదు.

పడనిది పాక్లిటాక్సెల్ అనే ఆ కీమో మందు కాకపోవచ్చు, దాన్ని కరిగించిన నూనె అయ్యుండొచ్చు అన్నారు డాక్టరుగారు. ఆ మందు నీళ్లలో కరగదు కాబట్టి ఆముదం నుంచి తయారుచేసిన ద్రావకంలో కలుపుతారు. అది వికటించకుండా ముందే స్టెరాయిడ్ ఎక్కిస్తారు. నాకూ ఎక్కించారు, అయినా వికటించింది. పైగా నాకు ఇమ్యునోథెరపీ కూడా ఉంది, పెంబ్రోలిజుమాబ్. రోగనిరోధక కణాలకు క్యాన్సర్ వేసిన కళ్లెం విప్పే మందది. ఓపక్క వాటిని ఉసిగొల్పుతూ ఇంకోపక్క ప్రతిసారీ స్టెరాయిడ్‌తో జోకొట్టడం దేనికని, పాక్లిటాక్సెల్‌నే నానో రకానికి మార్చారు.

తర్వాతి వారం తగిలించిన సంచి చూసి, "ఇదేంటి సిస్టర్, పాలలా ఉంది?" అన్నాను.

"పాలు కాదండీ, ఆల్బుమిన్" అంది.

మన రక్తంలో ఉండే ప్రొటీనే. దాంతో చుట్టిన మందు రేణువు సుమారు 130 నానోమీటర్లు; వెంట్రుక మందంలో అలాంటివి కొన్ని వందలు పేర్చొచ్చు. నా మీద ప్రయోగం చేస్తున్నారని వణికాను గానీ, అమెరికాలో దీనికి 2005లోనే అనుమతి వచ్చింది. అరగంటలో సంచి ఖాళీ అయింది. ఏమీ కాలేదు. ఆనందంతో కాసేపు నిద్రపోయాను కూడా.

కీమో మందునూ ఇమ్యునోథెరపీ మందునూ ఒకే రేణువులో కూర్చే పరిశోధనలు జరుగుతున్నాయి. నాకు మాత్రం విడివిడి సంచుల్లోనే ఎక్కాయి.

నానో అన్నారు కదా, జుట్టు ఊడదనుకున్నాను. ఊడింది. తెల్లకణాలు పడిపోయి ఒక డోసు వాయిదా పడింది. వేళ్లు మొద్దుబారి చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టాల్సి వచ్చేది. కాజా ఎక్కడుందో కంటికి కనబడేది, వేలికి తెలిసేది కాదు.

నాలుగు విడతలతో కీమో ముగిసింది. గడ్డ సగానికి పైగా తగ్గింది. పెంబ్రోలిజుమాబ్ మూడు వారాలకోసారి రెండేళ్లు సాగింది. కీమో అయిపోయిన నాలుగు నెలలకు మంచం దిగలేనంత నీరసం. పాత కీమో నీరసమేలే అని నేనే తేల్చేసి, రెండు రక్తపరీక్షలు ఎగ్గొట్టాను. తీరా చూస్తే థైరాయిడ్! కళ్లెం విప్పిన కణాలు దాని మీద కూడా పడ్డాయి.

ఇప్పుడు రోజూ పరగడుపున థైరాక్సిన్ బిళ్ల, మూడు నెలలకోసారి స్కాన్. గుండీలు నేనే పెట్టుకుంటున్నాను, మెడ దగ్గరిది తప్ప.