అసలు లోక్‌సభలో డివిజన్ (ఓట్లు లెక్కపెట్టి తేల్చడం) అంటే ఇలా ఉంటుందా!

2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు పెడుతుంటే ఫోన్లో లోక్‌సభ లైవ్ చూశా, మామూలుగా గట్టిగా అరిచినవాళ్లదే గెలుపన్నట్టు మూజువాణితో కానిచ్చేస్తారు కదా, ఈసారి ప్రతిపక్షం డివిజన్ అడిగింది. రూల్ ప్రకారం బెల్ కొట్టి మూడున్నర నిమిషాలయ్యాక లాబీ తలుపులు మూసేస్తారు, ఇంక ఎవరూ లోపలికి రాకూడదు. బోర్డు మీద 220-149 పడింది, హమ్మయ్య అయిపోయిందనుకుంటే బటన్ సరిగ్గా పడనివాళ్లకి స్లిప్పులు ఇచ్చారు, అవి కలిపాక 269-198! అంటే దాదాపు వంద ఓట్లు కాగితం మీదే తేలాయన్నమాట, కొత్త పార్లమెంట్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్‌కి భలే బోణీ 😄 ఇదంతా ప్రవేశపెట్టడానికే, పాసవ్వాలంటే రాజ్యాంగ సవరణ కాబట్టి ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. మా నాన్నైతే "2014లో తెలంగాణ బిల్లుకి లైవ్ ఆపేసి మూజువాణితో కానిచ్చారే, అప్పుడేమయ్యాయిరా ఈ బటన్లు" అని మళ్లీ మొదలెట్టాడు.