రెండు చుక్కలు

వాన పడితే మా పెరట్లో ఆఫ్రికా నత్తలదే రాజ్యం. బొప్పాయి ఆకు నుంచి బంతి నారు దాకా దేన్నీ వదలవు. మొన్న రాత్రి చేతికి తొడుగు వేసుకుని ఒకదాన్ని పట్టుకున్నాను. పారేయబోతూ, ఏ బుద్ధి పుట్టిందో, గాజుపలకకు పలచగా గంజి పూసి దాని మీద వదిలాను. పలకను పైకెత్తి కింద నుంచి టార్చి వేశాను.

పెదవులు విచ్చుకుంటాయి. నాలుక ముందుకొచ్చి గంజిని ఒక్క గీకు గీకి లోపలికి పోతుంది. మళ్లీ వస్తుంది. గీకిన చోటల్లా సన్నని చారలు. నాలుక అంటున్నాను గానీ అది రాడ్యులా, వేల పళ్లున్న ఆకురాయి.

డిగ్రీలో మేము కోసింది మంచినీటి నత్త పైలాను. ప్రాక్టికల్ పరీక్షలో నాకు నాడీవ్యవస్థ వచ్చింది. ఆహారనాళం మొదట్లో రెండు చుక్కలు పెట్టి ‘ఆస్య నాడీసంధులు’, అంటే నోటి దగ్గరి నాడీకణాల ముడులు, అని రాశాను. రెంటినీ కలిపే గీత మరిచిపోయానని అరమార్కు కోశారు. ఆ కోత ఇప్పటికీ గుర్తుంది. చుక్కలు చేసే పని ఏమిటో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నత్త నమిలే తాళమంతా ఆ చుక్కల్లోనే ఉందట. ఒక జట్టు నాడీకణాలు నాలుకను బయటికి తోస్తాయి, ఇంకో జట్టు వెనక్కి లాగుతుంది. తలలోని మస్తిష్క నాడీసంధుల్లో ఒక్కో వైపు ఒక్కో రాక్షస కణం సెరటోనిన్ అనే నాడీ రసాయనాన్ని విడుదల చేసి జోరు పెంచుతుంది. తరువాత 2000లో నోబెల్ అందుకున్న నాడీ శాస్త్రవేత్త కాండెల్, టాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1966లోనే తోట నత్తలో ఈ జంట కణాలను పరిశీలించాడు. కణం అంత పెద్దది కాబట్టే సన్నని గాజుసూది గుచ్చి విద్యుత్తు కొలవగలిగారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది 1980 నాటి ప్రయోగం. చాంగ్, గెల్పెరిన్ గుల్లలేని నేలనత్త పెదవులను, నాడీసంధులను మాత్రమే విడదీసి ఉప్పుద్రావణంలో ఉంచారు. పెదవికి ఇష్టమైన తిండి రసం తగిలితే నాడుల్లో నమిలే లయ మొదలైంది. ఆ రసంతో పాటే చేదు తగిలించారు. తరువాత అదే రసానికి లయ అణగిపోయింది, వేరే రసానికి మామూలుగానే వచ్చింది. కడుపే లేనిదానికి తిండి మీద అలక! మా మనవడూ అంతే, కాకరకాయ ఒక్కసారి తిని, ఇప్పుడు ఆ గిన్నె చూస్తేనే మూతి తిప్పుకుంటాడు.

గంజి అయిపోయాక కూడా నత్త ఉత్త గాజును రెండుసార్లు గీకి చూసింది. దాని మీద బకెట్ బోర్లించి, రాయి పెట్టి పడుకున్నాను. తెల్లారి ఉప్పునీళ్లలో వేశాను. బంతి నారు మళ్లీ పోసుకోవాలి.