కొత్తగా ఒక్క షేరూ కొనలేదు, అయినా లిమిట్ దాటింది: ఇన్సూరెన్స్ కంపెనీ బ్యాక్ ఆఫీసులో నా అనుభవం

సీఏ ఇంటర్ అయ్యాక ఓ చిన్న లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాక్ ఆఫీసులో చేరాను. షేర్లు కొనేదీ అమ్మేదీ ఫ్రంట్ ఆఫీసు వాళ్లు, మా పనల్లా లెక్క తేల్చి మూడు నెలలకోసారి ఐఆర్‌డీఏఐకి (ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ) రిటర్న్స్ పంపడం. దానికి ముందు కన్‌కరెంట్ ఆడిటర్ (లావాదేవీలు జరుగుతుండగానే తనిఖీ చేసే ఆడిటర్) సంతకం కావాలి, అసలు పరీక్ష అక్కడే.

రూల్స్ చూస్తే మొదట చాదస్తం అనిపించింది. లైఫ్ ఫండ్‌లో (మామూలు పాలసీల డబ్బు ఉండే ఫండ్) కనీసం 25% సెంట్రల్ గవర్నమెంట్ బాండ్లు, స్టేట్ బాండ్లూ అవీ కలిపి 50%, హౌసింగ్‌కీ ఇన్‌ఫ్రాకీ 15%, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల షేర్లయితే అసలు ముట్టుకోకూడదు. "ఎండోమెంట్ పాలసీలో నాకు ఇంతే వస్తోంది, మీరంతా అక్కడ కూర్చుని ఏం చేస్తున్నార్రా" అని మా బాబాయ్ ఇప్పటికీ దెప్పుతాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఇంత ఇస్తామని రాసిచ్చిన డబ్బు బాబాయ్, దాంతో మార్కెట్లో ఆడతామా? మార్కెట్టే కావాలంటే యూలిప్ (మార్కెట్‌తో ముడిపడిన పాలసీ) ఉంది, కాకపోతే అక్కడ నష్టం వస్తే నీదే.

ఓ క్వార్టర్‌లో (మూడు నెలల కాలంలో) ఏమైందో చెప్తాను. ఒక్కో కంపెనీలో మాకు 10% వాటా దాటకూడదు (మా ఫండ్ మొత్తంలో 10% విలువ దానికన్నా తక్కువైతే అదే లిమిట్, పెద్ద ఇన్సూరర్లకి 12, 15 దాకా ఉంది). ఒక కంపెనీవి 10 కోట్ల షేర్లుంటే మా దగ్గర 98 లక్షలు, అంటే 9.8%, బాగానే ఉంది. ఆ కంపెనీ 40 లక్షల షేర్లు బైబ్యాక్ చేసింది, అంటే తన షేర్లు తనే తిరిగి కొని రద్దు చేసింది, మావాళ్లు ఒక్కటీ ఇవ్వలేదు, దాంతో మొత్తం 9.6 కోట్లకి తగ్గి మా వాటా 10.2% అయి కూర్చుంది! సిస్టమ్‌లో పాత షేర్ల సంఖ్యే ఉంది కాబట్టి అలర్ట్ రాలేదు, ఆడిటర్ గారు మాత్రం ఎక్స్చేంజ్‌లో ఫైలింగ్ తెరిచి వేలు పెట్టి చూపించారు.

"ఎల్‌ఐసీ ఐడీబీఐ బ్యాంకులో 51% కొనలేదా సార్" అన్నాడు మా టీమ్‌లో కుర్రాడు. "2018లో దానికి స్పెషల్‌గా పర్మిషన్ ఇచ్చారు బాబూ, మీకెవరిచ్చారు" అన్నారాయన.

ఎప్పుడు దాటింది, ఎందుకు దాటింది, ఎలా తగ్గిస్తాం అని నోట్ రాసి ఇన్వెస్ట్‌మెంట్ కమిటీకి పంపాం, ఫ్రంట్ ఆఫీసు వాళ్లు సణుక్కుంటూనే కొద్దికొద్దిగా అమ్మి 10 లోపుకి తెచ్చారు. బైబ్యాక్, బోనస్ లాంటివి వస్తే షేర్ల సంఖ్య అదే రోజు మార్చే పని ఇప్పుడు నాదే. ఆడిటర్ గారు సంతకం పెట్టేసి వెళ్తారనుకుంటే, రేటింగ్ (అప్పు తిరిగి తీర్చే సత్తాకి ఇచ్చే గ్రేడ్) ఏఏ కంటే కిందకి పడిన బాండ్ల లిస్ట్ తెమ్మన్నారు.