ఎడారి తాబేలే, కానీ పిల్లకి తడి కావాల

మా ఇంటికి బెల్లం వచ్చి ఈ ఆదివారానికి ఏడు నెలలు. బెల్లం అంటే మా తాబేలు పిల్ల, ఆఫ్రికా సుల్కాటా. వచ్చిన రోజు పెద్ద నిమ్మకాయంత ఉండింది, వంటింట్లో పిండి తూచే చిన్న మెషిన్ మీద పెడితే 46 గ్రాములు. డిప్ప రంగు చూసి మా పాప ఆ పేరు పెట్టింది, మా అవ్వ మాత్రం ఇప్పటికీ "ఆ జీవం" అనే అంటుంది. దానికి సరైన ఇల్లు కుదరడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది, అందులో మొదటి మూడు వారాలు నేను చేసిందంతా తప్పే, ఆ తప్పుకి అది పోయేదే. మన అనంతపురం లాంటి ఊర్లో ఎవరైనా తాబేలు పిల్లని తెచ్చుకుంటే వాళ్ళు కూడా అదే తప్పు చేస్తారని నాకు గట్టిగా అనిపిస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఒక మాట. మన అనంతపురం, కడప గుట్టల్లో, పొలాల గట్ల మీద కనిపించే నక్షత్ర తాబేలుని దయచేసి ఇంటికి తేవద్దు. అదృష్టం కలిసొస్తుందని తెచ్చుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. అది నేరం. 2022లో వన్యప్రాణి చట్టం మార్చినప్పుడు దాన్ని షెడ్యూల్ 1లో పెట్టినారు, అంటే పులికి ఎంత రక్షణో దానికీ అంతే, పట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. చట్టం సంగతి పక్కన పెట్టినా అది మన గుట్టలది, అక్కడ ఉంటేనే దానికి బాగుంటుంది. సుల్కాటా మన దేశం జంతువు కాదు కాబట్టి దానికి వేరే దారి ఉంది, 2024 ఫిబ్రవరిలో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చెయ్యాల. బెల్లం మా పెద్దమ్మ కొడుకు, బెంగళూరులో ఉండే అన్న దగ్గర్నుంచి వచ్చింది, అన్న కెనడా పోతూ "నువ్వైతే చూసుకుంటావు మా" అని ఇచ్చినాడు, కాగితాలన్నీ నా పేరు మీదకి మార్చి మరీ ఇచ్చినాడు. కాగితం లేకుండా ఎవరు అమ్మినా, ఎంత తక్కువకి ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఇంక ఇల్లు. తాబేలు అనగానే మనవాళ్ళందరికీ నీళ్ళే గుర్తుకొస్తాయి. షోకేస్‌లో ఇత్తడి తాబేలుని నీళ్ళ పళ్ళెంలోనే పెడతాం కదా, పక్కింటి ఆంటీ వచ్చి "ట్యాంక్‌లో నీళ్ళు పొయ్యలేదేం" అని అడిగింది. ఇది మెట్ట తాబేలు, ఈత రాదు, లోతు నీళ్ళలో వేస్తే మునిగి చస్తుంది. అది నాకు తెలుసు. కానీ నాకు తెలిసింది అంతవరకే అని తర్వాత అర్థమైంది. ఒక షాపులో అడిగితే "ఎడారిది మేడమ్, ఇసుకలో వేసి బల్బు పెట్టండి, తడి మాత్రం తగలనియ్యద్దు" అన్నారు. నాకూ న్యాయంగానే తోచింది, సహారా అంచున సెనెగల్ నుంచి సుడాన్ దాకా బతికే జంతువు, మన ఊరి ఎండ దానికో లెక్కా అనుకున్నా. పాత అక్వేరియం కడిగి, పెన్న ఇసుక జల్లించి పోసి, పైన 100 వాట్ల బల్బు వేలాడదీసినా. చూడ్డానికి భలే ఉండింది, ఫోటోలు కూడా తీసినా.

మూడో వారం వచ్చేసరికి కళ్ళు తెరవడం మానేసింది. తిండి ముందు పెడితే తల పక్కకి తిప్పేది. రోజంతా అద్దానికి తల ఆనించి గీకుతూ ఉండేది, దానికి అద్దం అంటే తెలీదు పాపం, బయటికి దారి ఉందనుకుంటుంది. ఒకరోజు తెల్లగా సున్నం లాంటిది విసర్జించింది, వేళ్ళ మధ్య నలిపి చూస్తే గరుకుగా రవ్వ మాదిరి ఉంది. మామూలుగా అది కూడా తెల్లగానే వస్తుందంట, కానీ పేస్ట్‌లాగా మెత్తగా ఉండాలంట. తూకం వేస్తే 43 గ్రాములు. ఏడు నెలల్లో నేను ఏడ్చింది ఆ ఒక్క రాత్రే. పొద్దున్నే బండి కట్టించుకుని రెండొందల కిలోమీటర్ల పైన బెంగళూరు పోయినాం, సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "దీనికి రోగం లేదమ్మా, దాహం. మీరు పెట్టిన ఇంట్లో ఎండిపోతోంది" అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పిందే ఈ పోస్ట్ మొత్తానికీ అసలు సంగతి. సుల్కాటా ఎడారి పక్కన బతుకుతుంది నిజమే కానీ ఎడారి గాల్లో బతకదు, లోతుగా బొరియ తవ్వుకుని పగలంతా అందులో ఉంటుంది, బొరియ లోపల నేల చల్లగా, తేమగా ఉంటుంది. పిల్లలైతే వానాకాలంలో గుడ్డు పగిలి బయటికొస్తాయి, చుట్టూ పచ్చగా ఉండే రోజుల్లో. మనం దాన్ని పొడి ఇసుక మీద, బల్బు కింద పెడితే ప్రతి ఊపిరికీ ఒంట్లో నీళ్ళు పోతూనే ఉంటాయి. పైగా డిప్ప మీద పలకలు ఒక్కొక్కటీ పుట్టల మాదిరి పైకి లేస్తాయి, దాన్ని పిరమిడింగ్ అంటారు, ఒకసారి లేచినాక మళ్ళీ దిగదు. ప్రోటీన్ ఎక్కువ పెడితేనే అలా అవుతుందని చాలా కాలం అనుకునేవాళ్ళంట, కానీ 2003లో ఆస్ట్రియా వాళ్ళు 50 సుల్కాటా పిల్లల్ని 5 నెలలు పెంచి చూస్తే తిండి కంటే గాలిలో తేమ ముఖ్యమని తేలింది, పొడి గాల్లో పెరిగిన వాటికే పుట్టలు ఎక్కువగా లేచినాయి. ఇంటికొచ్చి 350 రూపాయలు పెట్టి తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ కొన్నా. మార్చి చివర్లో మధ్యాహ్నం మా హాల్లో 22 శాతం చూపించింది. బెల్లానికి కావాల్సింది 80.

అవ్వతో గొడవ ఇక్కడే మొదలైంది. "మన గుట్టల్లో తాబేళ్ళకి ఎవురు నీళ్ళు చల్లినారే? కప్పి పెట్టి తడిలో ముంచి చంపుతావా ఆ జీవాన్ని?" అని రోజూ అదే మాట. నేను డాక్టర్ చెప్పిందంతా చెప్పినా, వినలేదు. చివరికి "అవ్వా, నువ్వు చిన్నప్పుడు మేకలు తోలకపోయేదానివి కదా, తాబేలు పిల్లల్ని ఎప్పుడు చూసినావు?" అంటే కాసేపు ఆలోచించి, "ఏరువాక వానలు పడినాకనే కనపడేవి. ఎండాకాలం ఒగటీ కనపడేది కాదు, యాడ దాంకునేవో" అనింది. అంతే, తర్వాత తడి గురించి ఇంకో మాట అనలేదు. మన నక్షత్ర తాబేలు వేరే జాతే అయినా పిల్ల బతికే పద్ధతి ఒకటే కదా, మా అవ్వకి అరవై ఏళ్ళ ముందు నుంచే తెలిసిన సంగతి, నేను మూడు గ్రాములు పోగొట్టుకుని నేర్చుకున్నా.

ఇప్పుడున్న ఇల్లు వడ్రంగితో చేయించినది, 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ప్లైవుడ్ పెట్టె, పైన మూత. అద్దం లేదు, చుట్టూ మూసేసినట్టే ఉంటుంది, ముందు పక్క మాత్రం చిన్న అక్రిలిక్ షీట్, అది కూడా కింద అర అడుగు వదిలేసి పైన పెట్టించినా. తడికి ప్లైవుడ్ ఉబ్బిపోతుంది కాబట్టి లోపల మందం పాలిథీన్ షీట్ పరిచి అంచులు పైకి మడిచి కొట్టించినాం. మూత ముఖ్యం, మూత లేకపోతే మన ఊర్లో మీరు ఎన్ని నీళ్ళు చల్లినా గంటలో ఆరిపోతుంది. గాలి ఆడటానికి పై అంచున నాలుగు చిన్న చిల్లులు చాలు.

నేల కోసం ఇసుక వద్దు, తిండితో పాటు కడుపులోకి పోయి పేగుల్లో గట్టిగా అడ్డం పడుతుంది. నర్సరీలో దొరికే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఇటుక తీసుకోండి, ఎరువు కలిపింది మాత్రం వద్దు. ఏ కోకోపీట్ అయినా ఉప్పు ఉంటుంది, బకెట్లో నానబెట్టి రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి పిండేయాల. నాలుగు అంగుళాల మందం పరిచి నీళ్ళు పైన చల్లకుండా నాలుగు మూలల్లో నిదానంగా పోస్తే అడుగు తడిగా, పైన పొడిగా ఉంటుంది, పైన ఎప్పుడూ బురదగా ఉంటే పొట్ట కింద చిప్ప కుళ్ళుతుంది. దాంకోవడానికి కుమ్మరి దగ్గర పగిలిన కుండ అడిగి తెచ్చినా, సగం పెంకు బోర్లించి, అంచులు రాయి మీద అరగదీసి పెట్టినాం. పొద్దున, సాయంత్రం ఆ పెంకు మీద ఒక చెంబు నీళ్ళు పోస్తే మట్టి తాగేసి లోపల గుహ మాదిరి తేమగా ఉంటుంది. ఇంత ఖర్చులో నాకు బాగా పనికొచ్చింది ఆ ఊరికే వచ్చిన పెంకే.

కానీ తడి ఒక్కటే పెట్టి వేడి మర్చిపోతే ఇంకా ప్రమాదం, చల్లటి తడిలో ఊపిరితిత్తులకి జబ్బు వస్తుంది, ముక్కులో బుడగలు వస్తాయి. అందుకే ఒక మూల బల్బు కింద 36 డిగ్రీలు, అవతలి మూల 27, రాత్రి కూడా 26 కంటే దిగకూడదు. రాత్రికి వెలుగు రాని సెరామిక్ హీటర్, దానికి వేడి ఎక్కువైతే దానంతటదే ఆపేసే థర్మోస్టాట్, థర్మోస్టాట్ లేకుండా హీటర్ పెట్టొద్దు. ఎండాకాలం మాకు దీనికి తిరగబడింది, ఏప్రిల్‌లో గదిలోనే 38 ఉంటే బల్బు దేనికి, మధ్యాహ్నాలు అన్నీ ఆపేసి పెట్టెని కింది గదిలోకి మార్చినాం. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద హీటర్ ఒక్కటి నడిచేట్టు చూసుకున్నాం.

ఎండ గురించి. డిప్ప గట్టిపడాలంటే కాల్షియం ఒంటికి పట్టాల, అది పట్టాలంటే డి3 విటమిన్ కావాల, డి3కి ఎండలో ఉండే యూవీబీ అనే కంటికి కనపడని కిరణాలు కావాల. కిటికీ అద్దం దాన్ని ఆపేస్తుంది, కాబట్టి కిటికీ దగ్గర పెట్టినా లాభం లేదు. పెట్టెలో యూవీబీ ట్యూబ్ ఉంది, అది వెలుగుతూనే ఉన్నా లోపల బలం తగ్గిపోతుంది, ఏడాదికి ఒకసారి మార్చాల. అయినా మన ఊర్లో ఎండకి కరువా! పొద్దున ఎనిమిదిన్నరకి మేడ మీద అరగంట. అప్పుడు కూడా సగం నీడ ఉండాల్సిందే, ప్లాస్టిక్ టబ్‌లో వేసి ఎండలో వదిలి ఫోన్ మాట్లాడటానికి పోతే తిరిగొచ్చేలోపు ఉడికిపోతుంది. పైన ఇనప జాలీ తప్పనిసరి, కాకులు ఎప్పుడూ చూస్తూనే ఉంటాయి. నేను పక్కనే కూర్చుంటా, కాఫీ అక్కడే.

చీమలు మాకు పెద్ద తలనొప్పి అయినాయి. తడి, మిగిలిన ఆకు, ఇంక వాటికేం కావాల. చీమల మందు పొడి పొరపాటున కూడా చల్లకూడదు. అవ్వే చెప్పింది, వెనకటికి పాల అల్మారాకి పెట్టినట్టు నాలుగు కాళ్ళ కింద నాలుగు గిన్నెల్లో నీళ్ళు పెట్టమని. అప్పటి నుంచి ఒక్క చీమ లేదు.

రోజూ పొద్దున ఒక చిన్న టబ్‌లో గోరువెచ్చని నీళ్ళు, కింది చిప్ప, పై డిప్ప కలిసే చోటు దాకా మాత్రమే పోసి, ఇరవై నిమిషాలు కూర్చోబెడతాం. అందులోనే తాగుతుంది, అందులోనే అన్నీ కానిస్తుంది. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ భయం ఉంది కాబట్టి మేము తాగే క్యాన్ నీళ్ళే దానికీ. పెట్టెలో తాగడానికి పూలకుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం, అంచు నేలకి సమానంగా పూడ్చి పెట్టినాం, ఎత్తుగా ఉంటే ఎక్కబోయి వెల్లకిలా పడుతుంది.

తిండి విషయంలో మన జిల్లా దానికి పుట్టినిల్లు లాంటిది. గరిక, మందార ఆకులు, పూలు, ఇవి రోజూ. హిందూపురం పక్క పట్టుపురుగులు పెంచే మా చిన్నాయన వాళ్ళ దగ్గర్నుంచి మల్బరీ ఆకు వస్తుంది, మందు తగిలితే పురుగు చస్తుంది కాబట్టి ఆ ఆకు మీద మందు కొట్టడానికి వాళ్ళే భయపడతారు, మార్కెట్ ఆకుకూర కంటే నాకు అదే నమ్మకం, అయినా కడిగే పెడతా. నాగజెముడు మట్టలు ముళ్ళు గ్యాస్ మంట మీద కాల్చి, గీకి, సన్నగా కోసి పెడతా, కరువులో వాళ్ళ నాయన ఎద్దులకి ఇలాగే కాల్చి పెట్టేవాడని అవ్వ చెప్పింది. పాలు కారే జెముళ్ళు మాత్రం విషం, తేడా తెలీకపోతే అసలు కొయ్యొద్దు. పండ్లు, టమాటా, అన్నం, పప్పులు ఏవీ పెట్టం. పాలకూర కూడా పెట్టం, కాల్షియంని ఒంటికి పట్టనియ్యదు. మూలికల అంగట్లో సముద్రపు నురుగు అని అమ్ముతారు, అంటే కటిల్ ఫిష్ ఎముక, ఒక ముక్క లోపల పడేస్తే దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చి కొరుక్కుంటుంది, అదే కాల్షియం.

నిన్న తూకం 238 గ్రాములు. డిప్ప మీద పలకల మధ్య కొత్తగా పెరిగిన తెల్ల గీత వేలితో తడిమితే నున్నగా ఉంది. మొదటి మూడు వారాల నాటి చిన్న గరుకు గీత ఒకటి నడుమ అలాగే ఉంది, అది జన్మంతా ఉంటుందంట.

ఇది పెరిగితే 40 కిలోలు దాటుతుంది, మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ పెట్టె ఇంకో ఏడాదిన్నర, అంతే. అందుకే ఊర్లో మా ఇంటి వెనక దొడ్డికి గోడ కట్టిస్తున్నాం, బొరియ తవ్వి అవతలికి పోకుండా గోడ పునాది రెండు అడుగుల లోతు తీయించమని మా ఆయన మేస్త్రీకి చెప్పి వచ్చినాడు, మేస్త్రీ "తాబేలుకా సార్?" అని రెండు సార్లు అడిగినాడంట. పాప ఇప్పుడే ఆరో తరగతి, తను పెద్దయి ఎక్కడికి పోయినా బెల్లం సంగతి చూసుకుంటానని నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టి ఇచ్చింది, ఆ కాగితాన్ని పరివేష్ రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటే బీరువాలో పెట్టినా.